నాలుగు తెరలు, ఒక పాయసం గిన్నె

మహిళా వసతి సంక్షేమ శాఖ వారి ఉద్యోగినుల హాస్టల్లో టీవీ చచ్చిపోయింది. మామూలు సమయంలో చచ్చిపోయుంటే ఇంత కథ జరిగేది కాదు. ఎనిమిది గంటల సీరియల్లో కోడలు మేఘన వంటింట్లోకి వచ్చి, అటూ ఇటూ చూసి, కొంగుముడి విప్పి, చిన్న పొట్లం తీసి, అత్తగారి పాయసం గిన్నె మీద వంచబోతున్న క్షణంలో తెర మొత్తం ముడుచుకుపోయి మధ్యన ఒక తెల్లచుక్క అయింది. ఆ చుక్క కూడా కాసేపు ఆలోచించి ఆరిపోయింది.

హాలులో నలభై మంది ఆడవాళ్లు ఉన్నారు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"పొట్లంలో ఏముందో ఎవరన్నా చూశారా?" అంది చీరల దుకాణంలో పనిచేసే షమీమ్.

బస్సు కండక్టరు సువర్ణ లేచి వెళ్లి టీవీ నెత్తిన ఒక దెబ్బ వేసింది. ఆగిపోయిన టికెట్టు మిషను మీద రోజూ వేసే దెబ్బే. మిషన్లు ఆ దెబ్బకు లేచి కూర్చునేవి. టీవీ లేవలేదు.

వార్డెను పద్మాసిని దాని వెనక చెయ్యిపెట్టి చూసింది, జ్వరం చూసినట్టు. ఒళ్లు చల్లబడిపోతోంది.

ఆమె భయం పొట్లం గురించి కాదు. ఆఫీసు వెనక ఒంటిగదిలో ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్న మనిషి. పగలంతా ఆ హాస్టల్లో ఆమెకు తోడు ఎలకలే. సాయంత్రం ఒకరి తరవాత ఒకరు డ్యూటీల నుంచి వచ్చి, ఎనిమిదింటికి హాలు నిండితే, అప్పుడు ఆమెకు తానొక ఇంట్లో ఉన్నట్టుండేది. ఒకామె పక్కామెకు చారు పోసేది. ఒకామె ఇంకొకామె జడ విప్పి పేలు చూసేది. అత్తగారిని నలభై మందీ కలిసి తిట్టేవారు. ఆ తిట్ల మధ్య కూర్చుని పద్మాసిని తృప్తిగా నాలుగు ముద్దలు తినేది.

టీవీ పోయిన వారానికి ఎవరి పళ్లెం వాళ్లు తీసుకుని ఎవరి గదికి వాళ్లు వెళ్లడం మొదలుపెట్టారు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, ఆ సీరియలు ఫోన్లో రాదు గానీ మిగతావన్నీ వస్తాయి. చెవుల్లో తీగలున్నాయి. హాలులో పద్మాసిని, వంటమనిషి అచ్చియమ్మ మిగిలారు. అచ్చియమ్మ మంచిదే గానీ తినేటప్పుడు మాట్లాడదు.

"ఒక టీవీ ఇప్పించండి" అని పద్మాసిని శాఖకు రాసింది.

అది తప్పు కాదు. వేళ మంచిది కాదు, అంతే. కమిషనరుగారు ఆ ఏడాదే ఒక చల్లటి కొండ ఊళ్లో శిక్షణ ముగించుకుని దిగారు. ఏ వస్తువైనా కొనేముందు దాని మంచిచెడ్డలు తులనాత్మకంగా బేరీజు వేయాలని అక్కడ మూడు రోజులు చెప్పారట. ఆయనకు అది తలకెక్కింది. దిగీదిగగానే దోమలమందు బిళ్లలకు బేరీజు కమిటీ వేశారు. ఆ కమిటీ నివేదిక వచ్చేలోపు వానాకాలం వెళ్లిపోయింది, దోమలు కూడా తమ పని చూసుకుని వెళ్లిపోయాయి. బేరీజు వల్ల దోమలు తగ్గాయని శాఖలో పండగ చేసుకున్నారు. ఆ ఊపులో పద్మాసిని ఉత్తరం అందింది.

ఒకరోజు హాస్టలు ముందు వ్యాను ఆగి నాలుగు పెద్ద అట్టపెట్టెలు దిగాయి. వాటి వెనక ఇద్దరు మనుషులు దిగారు. ఒకరు ఉపసంచాలకులు చిదంబరరావుగారు, కమిటీ అధ్యక్షులు. పొడుగ్గా, నిటారుగా, ఇస్త్రీ చేసిన కర్టెనులా ఉంటారు. రెండోవారు సాంకేతిక సభ్యుడు, ఇంజనీరు ఫణిభూషణ్. జేబులో నాలుగు రంగుల పెన్నులు.

నాలుగు టీవీలను హాలు నాలుగు గోడలకూ బిగించారు. ఒక్క టీవీ అడిగితే నాలుగు వచ్చాయని సాయంత్రానికి హాస్టలంతా పాకిపోయింది. సువర్ణ డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఇవి మీవి కావు" అన్నారు చిదంబరరావుగారు ముందుగా. "ఇవి నమూనాలు. నాలుగు సాంకేతికతలు. ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ. వీటి గుణదోషాల బేరీజు అనంతరం మీకు తగినది నిర్ణయించబడుతుంది. సాంకేతిక సభ్యులు వివరిస్తారు."

ఫణిభూషణ్ గొంతు సవరించుకున్నాడు. "ఎల్‌సీడీకి బొమ్మ వెనక ట్యూబులైటు ఉంటుంది. ఎల్‌ఈడీకి ట్యూబులైటు బదులు చిన్న చిన్న దీపాలు. క్యూఎల్‌ఈడీకి ఆ దీపాల ముందు రంగుల్ని ఇంకా మెరిపించే పొర ఉంటుంది. ఓఎల్‌ఈడీకి వెనక దీపమే ఉండదు. ప్రతి చుక్కా తనంతట తను వెలుగుతుంది, తనంతట తను ఆరుతుంది."

"ఎవరి పొయ్యి ఆళ్లదేనన్నమాట" అంది అచ్చియమ్మ.

"ఏది మంచిదండీ?" అంది పద్మాసిని.

చిదంబరరావుగారు నొచ్చుకున్నారు. "అమ్మా, 'ఏది మంచిది' అనే ప్రశ్న ఇప్పుడు శాఖలో లేదు. 'దేనికి ఏది మంచిది, దేనికి ఏది చెడ్డది' అనే ప్రశ్న ఉంది."

"సీరియల్ చూడ్డానికండీ" అంది సువర్ణ.

"సీరియలనేది వినియోగం. మేమింకా సాంకేతికత దగ్గరే ఉన్నాం."

మొదటి పరీక్ష నలుపు. నలుపు నల్లగా ఉంటేనే మిగతా రంగులు రంగుల్లా ఉంటాయన్నాడు ఫణిభూషణ్. నాలుగు తెరల మీదా నలుపు వేశారు. నలభై మందీ కూర్చుని గంటసేపు నలుపు చూశారు. ఎల్‌సీడీ నలుపు బూడిద కలిపినట్టుంది. ఎల్‌ఈడీ నలుపు అంచుల్లో తెల్లబడింది. క్యూఎల్‌ఈడీ కొంత నయం. ఓఎల్‌ఈడీ వైపు చూస్తే గోడకు కన్నం పడ్డట్టుంది.

"మరి అదే బాగుందండీ, తేలిపోయింది" అంది పద్మాసిని ఆశగా.

"దేనితో పోల్చి?" అన్నారు చిదంబరరావుగారు. "ప్రామాణిక నలుపు ఏదీ?"

హాలు మొత్తం ఆలోచనలో పడింది. షమీమ్ దుకాణం నుంచి నల్ల చీర తెస్తానంది, కానీ తమ దగ్గర నలుపులోనే ఏడు రకాలున్నాయని తనే చెప్పడంతో ఆ ప్రతిపాదన వీగిపోయింది. ఒకరు కాటుక అన్నారు. ఒకరు తన జడ చూపించారు, అందులో రంగు వేసినది ఎంతని ఇంకొకరు అడిగారు.

"మా డిపో మేనేజరు మనసు పనికొస్తుందేమో చూడండి" అంది సువర్ణ.

చివరికి అచ్చియమ్మ అట్ల పెనం అడుగుభాగం ఏకగ్రీవంగా ప్రామాణిక నలుపుగా ప్రకటించబడింది. పెనానికి లక్కముద్ర వేసి, గుడ్డలో చుట్టి, గాజు బీరువాలో పెట్టారు.

"ఆయ్, పెనం అట్టుకుపోతే రేపు అట్లు ఏటి మీద పొయ్యాలండీ?" అంది అచ్చియమ్మ.

"అది ఇప్పుడు పెనం కాదమ్మా. కొలమానం."

ఆ మర్నాటి నుంచి హాస్టల్లో ఉప్మా. అట్లు ఎప్పుడొస్తాయంటే బేరీజు పూర్తయ్యాక అనేవారు.

తరవాత వెలుతురు పరీక్ష. కిటికీల్లోంచి వచ్చే వెలుగు తెరల మీద పడి మెరుస్తోందని కిటికీలకు నల్లగుడ్డలు కొట్టారు. సున్నం గోడలు మెరుస్తున్నాయని వాటికి నల్లరంగు వేశారు. అప్పుడు చీరలు మెరిశాయి. జరీ అంచులు, తెల్ల చుడీదార్లు, ల్యాబ్ టెక్నీషియను హిమజ కోటు, అన్నీ తెరల్లో కనబడుతున్నాయి. ఎవరి బట్ట ఎంత మెరుస్తోందో ఫణిభూషణ్ ఒక మీటరు పెట్టి కొలిచాడు. సువర్ణ ఖాకీ చొక్కా ఒక్కటే వెలుతురును పూర్తిగా మింగేస్తోందని తేలింది. మిగతా ముప్పైతొమ్మిది మందికీ ఖాకీ ధరించమని సలహా ఇచ్చారు.

"మా డ్రస్సులో ఊళ్లోకెళ్తే జనం టికెట్టిమ్మంటారమ్మా, జాగ్రత్త" అంది సువర్ణ.

చీకటి హాలులో ఎవరు ఎవరో తెలియడం మానేసింది. అచ్చియమ్మ పళ్లెంలో మజ్జిగ పోస్తున్నాననుకుని ఫణిభూషణ్ ఒళ్లో పోసింది. అతను దాన్ని తేమ పరీక్ష కింద రాసుకున్నాడు.

ఆ తరవాత కోణం. ఎల్‌సీడీని ఎదురుగా చూస్తే ఒకలా, పక్కనుంచి చూస్తే వెలిసిపోయినట్టు ఉంటుందట. నేల మీద సుద్దతో గీతలు గీసి, ఒక్కొక్క గీత మీద ఒక్కొక్కరిని కూర్చోబెట్టారు.

"ముందుకు జరగండి. ఇంకొంచెం. వెనకామె, మీరు స్తంభం దాటి రావాలి."

సువర్ణ నడుము మీద చెయ్యి వేసుకుని లేచింది. "పొద్దున్నించీ నేనే జనాన్ని జరగమని చస్తున్నానండీ. సాయంత్రం కూడా జరగాలంటే ఇంక నేనెక్కడ దిగాలి?"

ఇన్ని జరిగినా ఒక్క బొమ్మ పడలేదు. ఒకరోజు ఎరుపు, ఒకరోజు ఆకుపచ్చ, ఒకరోజు గళ్లు. పద్మాసిని మాత్రం నోరెత్తలేదు. చీకటో వెలుగో, ఖాకీయో కాదో, మొత్తానికి ఎనిమిదింటికి హాలులో మళ్లీ మనుషులు కూర్చుంటున్నారు. ఎరుపు తెర చూస్తూ కూడా ఆడవాళ్లు కబుర్లు చెప్పుకోగలరు. ఉప్మా తింటూ కూడా నవ్వగలరు.

చిక్కు చివరి పరీక్ష దగ్గర వచ్చింది. ఓఎల్‌ఈడీలో ఒకే బొమ్మ కదలకుండా చాలాసేపు నిలబడితే దాని నీడ తెర మీద మచ్చలా ఉండిపోయే ప్రమాదముందని ఫణిభూషణ్ చెప్పాడు.

"టీవీలో అంతసేపు కదలకుండా ఏం నిలబడుతుంది?" అన్నారు చిదంబరరావుగారు.

నలభై గొంతులూ ఒకేసారి పలికాయి. "అత్తగారు."

రాజ్యలక్ష్మీదేవి అనే ఆ అత్తగారు కోడలి వైపు చూడటం మొదలుపెడితే ఆ చూపు ప్రకటనలకు ముందు ఒక పావుగంట, తరవాత ఒక పావుగంట నడుస్తుందని హిమజ వివరించింది. కెమెరా కుడివైపు నుంచి ఒకసారి, ఎడమవైపు నుంచి ఒకసారి, ముక్కు మీదికి ఒకసారి వెళ్తుంది గానీ అత్తగారు మాత్రం కదలరు.

చిదంబరరావుగారి ముఖం గంభీరమైంది. "ఇది శాఖాపరంగా చాలా తీవ్రమైన విషయం. ప్రభుత్వ ఆస్తి మీద అత్తగారి మచ్చ పడటానికి వీల్లేదు. కమిటీ ఆ సీరియలును నాలుగు తెరల మీదా ఏకకాలంలో వీక్షించి, నిశ్చలత కొలవాలి."

హాలులో చప్పట్లు మోగాయి. సువర్ణ ఈల వేసింది.

"కమిటీ వీక్షించాలి అన్నాను" అన్నారాయన. "లబ్ధిదారులు బయట ఉండాలి. నలభై మంది వేడి వల్ల తెరల పనితీరు మారుతుంది. పైగా మీకు ఆ కుటుంబం మీద ముందే అభిప్రాయాలున్నాయి."

ఆ సాయంత్రం ఎనిమిదింటికి హాలు తలుపులు మూసుకున్నాయి. లోపల ఇద్దరు మగవాళ్లు, నాలుగు తెరలు, నలుగురు అత్తగార్లు. బయట వరండా మెట్ల మీద నలభై మంది ఆడవాళ్లు చెవులు తలుపుకు ఆనించి నిలబడ్డారు. లోపలి సంగీతం వినబడుతోంది గానీ మాట తెలియడం లేదు.  ఇంకొక్క నిమిషంలో ఒకామె ఆవలిస్తుంది, ఒకామె గదికి పోతుంది, అంతా మళ్లీ మొదటికొస్తుంది అనుకుంది పద్మాసిని. అచ్చియమ్మ చేత గబగబా అన్నం గిన్నెలు వరండాలోకి తెప్పించింది.

ఎనిమిదిన్నరకు తలుపు తెరుచుకుంది. పారదర్శకత నియమం కింద లబ్ధిదారులకు ఏ రోజు పరిశీలన ఆ రోజు మౌఖికంగా తెలపాలట. చిదంబరరావుగారు పై మెట్టు మీద నిలబడ్డారు.

"ఈ రోజు పరిశీలనలో, అత్తగారైన శ్రీమతి రాజ్యలక్ష్మీదేవి గారు సోఫా వద్ద నిశ్చల స్థితిలో ఉన్నట్లు గమనించడమైనది. కుడి కన్ను మాత్రం స్వల్పంగా చలించింది. మచ్చ పడే ప్రమాదం మధ్యస్థం."

"పొట్లం సంగతేంటండీ?" అంది షమీమ్.

"పొట్లం పరిశీలనాంశం కాదు."

"ఇన్నాళ్లకన్నా వంచిందా లేదా అది చెప్పండీ."

చిదంబరరావుగారు ఫణిభూషణ్ వైపు చూశారు. ఫణిభూషణ్ నేల వైపు చూశాడు.

"వంచడమైనది" అన్నారు చిదంబరరావుగారు.

వరండా అంతా హోరెత్తిపోయింది. ఒకామె నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. ఒకామె నేను ముందే చెప్పాను కదా అంది, ఆమె ఏమీ చెప్పలేదు.

"పొడి ఏ రంగులో ఉందండీ?" అంది హిమజ.

"తెలుపు" అన్నారు అధ్యక్షులు.

"లేత నీలం" అన్నాడు సాంకేతిక సభ్యుడు అదే క్షణంలో.

ఇద్దరూ ఒకరినొకరు మొదటిసారి చూసుకుంటున్నట్టు చూసుకున్నారు. అధ్యక్షులు కూర్చున్నది ఓఎల్‌ఈడీ ఎదురుగా, ఇంజనీరు కూర్చున్నది క్యూఎల్‌ఈడీ ఎదురుగా.

"తెలుపైతే పంచదారే" అంది షమీమ్. "పాపం, పాయసం చప్పబడిందేమోనని వేసుంటుంది."

"నీలమైతే మైలుతుత్తం" అంది హిమజ. "ముసలావిడ తెల్లారేసరికి ఉండదు."

ఆ సాయంత్రం ఎవరూ గదికి వెళ్లలేదు. మెట్ల మీదే కూర్చుని, అన్నాలు అక్కడే తిని, పంచదార వాళ్లు ఇటు, మైలుతుత్తం వాళ్లు అటు జరిగి పోట్లాడుకున్నారు. అటు ఇటు జరగమని సువర్ణే అరిచింది. వాదన మధ్యలో పప్పు చేతులు మారింది. పద్మాసిని పై మెట్టు మీద కూర్చుని అందరినీ చూస్తూ, ఆ పొడి ఏ రంగో ఎన్నటికీ తేలకుండా చూడమని దేవుణ్ణి కోరుకుంది.

దేవుడి కంటే ముందు సీరియలు వాళ్లే విన్నారు. అత్తగారు పాయసం తాగలేదు. గిన్నె పట్టుకుని చూస్తోంది. మర్నాడూ గిన్నె పట్టుకునే ఉంది. పొట్లం వంచిన దృశ్యం మాత్రం రోజూ రెండుసార్లు మళ్లీ వేస్తున్నారు.

నాలుగు తెరల సాక్ష్యం నాలుగు రకాలుగా వచ్చింది. ఓఎల్‌ఈడీలో నీడలు చిక్కగా ఉండి కోడలి కళ్లు అమాయకంగా కనిపించాయి. క్యూఎల్‌ఈడీలో ఆ కళ్లే తళుక్కుమన్నాయి, ఆ తళుకు మంచి మనిషికి ఉండేది కాదన్నాడు ఫణిభూషణ్. ఎల్‌ఈడీ అంచుల్లో వెలుగు కారడం వల్ల పొడి పసుపుపచ్చగా, యాలకుల పొడిలా తోచింది. ఇక ఎల్‌సీడీని పక్కనుంచి చూస్తే పొడి కనబడనే లేదు, పొట్లం ఖాళీ. పైపెచ్చు కోడలి నుదుట బొట్టు కూడా కనబడక, మొగుడు ఎప్పుడు పోయాడన్న కొత్త అనుమానం పుట్టింది.

కమిటీ ఎనిమిదింటికి రావలసింది ఏడింటికే రాసాగింది. చిదంబరరావుగారు ఇంటి నుంచి దిండు తెచ్చుకున్నారు. కొన్నాళ్లకు ఇద్దరికీ మాటలు పోయాయి. ఏదైనా చెప్పాలంటే మధ్యలో పద్మాసిని ఉండాలి.

"మేడమ్, అధ్యక్షుల వారికి మనవి చేయండి. కోడలికి పుట్టింటి నుంచి ఫోనొచ్చి, ఆమె తడబడటం వారు ఓఎల్‌ఈడీ మోజులో గమనించలేదని."

"సాంకేతిక సభ్యులకు తెలియజేయండమ్మా. క్యూఎల్‌ఈడీ అనేది ఉన్నదానికంటే ఎక్కువ మెరిపిస్తుందని వారే మొదటి సమావేశంలో చెప్పారని. పొయ్యి దగ్గర చెమట పట్టిన పిల్ల ముఖం మెరిస్తే నేరమా అని అడగండి."

"ఆయనకు కోడలు లేదు సార్. తెలీదు" అంది పద్మాసిని సర్దిచెబుతూ.

"నాకుంది. అందుకే చెబుతున్నాను. అంత నల్లటి నలుపు ముందు అబద్ధం నిలబడదు."

వరండా రోజూ నిండుతోంది. రాత్రి డ్యూటీలున్నవాళ్లు డ్యూటీలు మార్చుకున్నారు. చెవుల్లో తీగలు ఎప్పుడు మాయమయ్యాయో పద్మాసిని గమనించనే లేదు. సీరియలు చూసిన రోజుల్లో కూడా ఇంత సంబరం లేదు. ఎందుకంటే అప్పుడు అందరూ ఒకటే చూసేవారు. ఇప్పుడు ఎవరూ ఏమీ చూడటం లేదు, కాబట్టి ఎవరికి తోచింది వాళ్లకు తోస్తోంది.

ఇంతలో కమిషనరుగారు ఫోను చేశారు. నమూనాలు ఇచ్చిన దుకాణాలవాళ్లు గోల పెడుతున్నారట. తేల్చెయ్యమన్నారు.

ఆ సాయంత్రం చిదంబరరావుగారు మెట్టు మీద నిలబడి, తుది నిర్ణయం చదివే ముందు కళ్లజోడు తుడుచుకున్నారు.

"కోణ పరీక్షను బట్టి తేలిందేమిటంటే, హాలు మొత్తానికి ఆదర్శ వీక్షణ స్థానం ఒక్కటే ఉంది. స్తంభానికి రెండడుగుల ఎడమన. దాన్ని ఏ ఒక్క లబ్ధిదారుకు కేటాయించినా మిగతావారి పట్ల వివక్ష అవుతుంది. ప్రభుత్వం వివక్ష చూపదు. కాబట్టి ప్రతి లబ్ధిదారుకూ ఒక గది, ఒక తెర, ఒక ఆదర్శ స్థానం మంజూరు చేయడమైనది."

"అంటే గదికో టీవీయా?" అంది హిమజ నమ్మలేక.

"గదికో టీవీ."

వరండా ఎగిరి గంతేసింది. సువర్ణ షమీమ్‌ను ఎత్తి గిరగిరా తిప్పింది. ఖాకీలో ఉన్నవాళ్లు పైన వేసుకున్న ఖాకీ చొక్కాలు విప్పి గాల్లోకి విసిరారు. అచ్చియమ్మ తన పెనం ఎప్పుడిస్తారని అడిగింది, ఎవరూ వినలేదు.

పద్మాసిని లేచి నిలబడింది. 

"సార్, ఒక్క పెద్ద టీవీ చాలండీ. హాలులో పెట్టండి. పక్కనుంచి చూసినా మాకేం పర్లేదు."

"మీకు పర్లేదమ్మా. ప్రభుత్వానికి పర్లేదు అనే అధికారం లేదు."

"అలాగైతే ఒక్కొక్కరూ ఒంటరిగా కూర్చుంటారు కదండీ."

చిదంబరరావుగారు ఈ కొత్త అంశాన్ని శ్రద్ధగానే పరిశీలించారు. చాలా రోజుల తరవాత ఫణిభూషణ్‌తో నేరుగా మాట్లాడారు. "ఒంటరితనం ఏ సాంకేతికత కింద వస్తుంది?"

ఫణిభూషణ్ నాలుగు పెన్నులనూ తాకి చూసుకున్నాడు. "దేని కిందా రాదండి."

"రాదమ్మా" అన్నారు చిదంబరరావుగారు జాలిగా.

గదికో టీవీ ఖాయమైంది గానీ ఏ రకం టీవీ అన్నది ఖాయం కాలేదు. కోడలు నిర్దోషి కాబట్టి ఓఎల్‌ఈడీ అన్నారు అధ్యక్షులు. కోడలు దోషి కాబట్టి క్యూఎల్‌ఈడీ అన్నాడు ఇంజనీరు. కమిషనరుగారి దగ్గర పంచాయతీ పెడితే, ఆయన శిక్షణలో నేర్చుకున్నదంతా గుర్తు చేసుకుని, నాలుగు రకాలూ తలా పది కొనమన్నారు. అలా అయితే బేరీజు ఎప్పటికీ కొనసాగే వీలుంటుంది. ఏ గదికి ఏది అన్నది చీటీలు వేసి తేల్చారు.

టీవీలు బిగించిన రోజు నమూనాలు దుకాణాలకు తిరిగి వెళ్లాయి, హాలు అట్టపెట్టెలతో నిండిపోయింది. ఇకనుంచి అది గోదాము అన్నారు. ఎనిమిదింటికి నలభై తలుపులు టపటపా మూసుకున్నాయి. ఖాళీ పెట్టెల మధ్య, నల్లగోడల మధ్య పద్మాసిని, అచ్చియమ్మ, రెండు అన్నం గిన్నెలు మిగిలాయి.

నలభై గదుల్లోంచి సీరియల్ పాట ఒకేసారి మొదలైంది. ఒక్కొక్క టీవీ ఒక రవ్వ ముందూ వెనకగా పాడుతోంటే హాస్టలంతా భజనలా ఉంది.

"మీరు తినండి మేడమ్" అంది అచ్చియమ్మ. ఆమె తినేటప్పుడు మాట్లాడటం ఇదే మొదలు.

పద్మాసిని కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచింది. ఇరవై ఏళ్లలో ఆమె ఎప్పుడూ దేనికీ గోల చెయ్యలేదు. ఇప్పుడు చేద్దామన్నా వినడానికి ఎవరూ లేరు.

సరిగ్గా అప్పుడు పై అంతస్తులో ఒక తలుపు ధడాలున తెరుచుకుంది.

"నీలమే" అని సువర్ణ గొంతు. బస్సు చివరి సీటు దాకా వినబడే గొంతు. "నేను చెప్పానా లేదా? మైలుతుత్తమే. నా కళ్లతో చూశాను."

ఎదురు గది తలుపు తెరుచుకుంది. "నీకేమైనా పిచ్చా అక్కా? మంచులా తెల్లగా ఉంటే" అంది షమీమ్. "కావాలంటే వచ్చి చూడు."

"నువ్వే రా, నా గదికి."

"తెలుపేంటి, నీలమేంటి? యాలకుల పొడి కనబడట్లేదూ?" అంటూ మూడో తలుపు.

"పొట్లంలో అసలేమన్నా ఉంటే కదా" అంది హిమజ. ఆమెకు ఎల్‌సీడీ వచ్చింది. మంచం మీద పక్కకు తిరిగి పడుకుని చూస్తోంది.

ఇక ఏ తలుపూ మూసి ఉండలేదు. సువర్ణను షమీమ్ లాక్కుపోయింది. షమీమ్‌ను సువర్ణ లాక్కొచ్చింది. కింది అంతస్తువాళ్లు పైకి, పైవాళ్లు కిందికి, చెప్పుల్లేకుండా, కొంగులు బిగించి, మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ, ఒకరి సాక్ష్యం చూపించడానికి ఇంకొకరి రెక్క పట్టుకుని పరుగులు. ఒక్కొక్క గదిలోకి పదేసిమంది దూరారు. గది ఒక మంచానికీ ఒక బీరువాకీ కట్టినది. ఎవరి మోచెయ్యి ఎవరి కడుపులో ఉందో తెలియలేదు. ప్రకటనలు వచ్చేసరికి అందరికీ ఊపిరాడలేదు.

"ఇక్కడ కాదమ్మా, హాల్లోకి పదండి, తేల్చుకుందాం" అంది సువర్ణ.

దిగి వచ్చారు. అట్టపెట్టెలను కాలితో తన్ని చదును చేసి, వాటి మీద మఠం వేసుకుని, నాలుగు జట్లుగా కూర్చున్నారు. అచ్చియమ్మ లేచి గరిటె అందుకుంది.

కొత్త తెరల పనితీరు తనిఖీ చేయడానికి చిదంబరరావుగారు, ఫణిభూషణ్ ఎనిమిదీ ఇరవైఅయిదుకి వచ్చారు. ఒక్కొక్క గదిలోకి తొంగిచూశారు. నలభై గదుల్లోనూ దీపాలు వెలుగుతున్నాయి, నలభై టీవీలు నడుస్తున్నాయి, నలభైమంది అత్తగార్లు గిన్నెలు పట్టుకుని ఖాళీ మంచాలను చూస్తున్నారు. ఫణిభూషణ్ ఆగి, ఒక ఓఎల్‌ఈడీ మీద మచ్చ పడుతోందేమోనని దగ్గరగా చూశాడు. ఇంకా పడలేదు. కొంచెం నిరాశపడ్డాడు.

కిందికి దిగి హాలు గుమ్మంలో నిలబడేసరికి నల్లగోడల మధ్య ఎవరి ముఖమూ ఆనవాలు తెలియలేదు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎవరో చిదంబరరావుగారి చేతిలో పళ్లెం పెట్టారు. ఎవరో "మీరు తెలుపా నీలమా?" అని అడిగి, జవాబు వినకుండానే తెలుపు జట్టు వైపు జరిపి కూర్చోబెట్టారు. ఫణిభూషణ్ తనంతట తనే వెళ్లి సువర్ణ పక్కన చతికిలబడ్డాడు.

చిదంబరరావుగారికి ఒక ముద్ద తిన్నాక బాధ్యత గుర్తొచ్చింది.

"వార్డెనుగారూ, సెట్లన్నీ ఖాళీ గదుల్లో నడుస్తున్నాయి. ఇది నిబంధనలకు విరుద్ధం. లబ్ధిదారులు ఎవరి గదికి వారు వెళ్లి, ఎవరి ఆదర్శ స్థానంలో వారు ఉండాలి."

"వెళ్తారండీ, తేలగానే" అంది పద్మాసిని.

"ఏం తేలగానే?"

"కోడలు దోషో కాదో."

చిదంబరరావుగారు ముద్ద కలుపుతూ ఆలోచించారు. ఎదుటి జట్టులో ఫణిభూషణ్ గొంతు, నీలమని ఒట్టు వేస్తూ వినిపిస్తోంది.

"అది తేలదమ్మా" అన్నారాయన గొంతు తగ్గించి. "నాలుగు తెరల ముందు ఇన్నాళ్లు కూర్చున్నవాణ్ణి, నాకు తెలుసు. ఎప్పటికీ తేలదు."

"అందుకేనండీ" అని, పద్మాసిని ఆయన పళ్లెంలో ఇంకొంచెం అన్నం వడ్డించింది.